పదును చూసిన పొద్దు

ఇది ఒక మహాసంగ్రామ గాథ. ఇందులో నీటి కోసం రెండు పక్షాలు ఎదురెదురుగా నిలబడతాయి. తండ్రికి అడ్డంగా కొడుకు నిలుస్తాడు. ఒక రాజ్యం ఉంటుందా కూలుతుందా అన్నది ఒకే పొద్దులో తేలిపోతుంది.

అంత లేదులెండి. రాజ్యం అంటే మా ఊరి నీటి సంఘం. నీళ్లంటే భూమిలో పాతిన ఒక ప్లాస్టిక్ పైపులో వచ్చేవి. రెండు పక్షాలంటే గట్టుకు ఇటు కొందరు, అటు కొందరు. వాళ్లలో సగం మంది వేపపుల్ల నోట్లో పెట్టుకుని అటుగా పోతూ ఆగినవాళ్లు. తండ్రీ కొడుకుల సంగతి మాత్రం నిజం.

మాది ముదిగుబ్బ దాటి లోపలికి పోతే వచ్చే ఊరు. అక్కడ వేరుశనగ వేయడమంటే ఆకాశంతో పందెం కాయడమే. ఆ ఏడు విత్తేటప్పుడు వాన బాగా పడింది. పూత వచ్చింది. సరిగ్గా కాయ కట్టే ఊడలు పూల నుంచి భూమిలోకి దిగే వేళకు మబ్బులు మా ఊరి దారి మరిచిపోయాయి. ఆ సమయంలో చేనుకు ఒక్క తడి అందితే కాయ పడుతుంది, అందకపోతే గొర్రెలకు మేత అవుతుంది. అందుకే బోర్లు ఉన్నవాళ్లు, లేనివాళ్లు కలిసి సంఘం పెట్టుకున్నారు. బోర్లన్నీ ఒకే పైపుకు కలిపారు. కొత్త బోరు ఎవరూ వేయకూడదు. వాన ముఖం చాటేస్తే ప్రతి చేనుకూ వంతు ప్రకారం ఒక తడి. ఆ బోర్లలో బాగా నీళ్లున్నది మా నాయనది.

ఆ సంఘానికి నేను నాయకుణ్ణి ఎలా అయ్యానంటే, పెద్దవాళ్లు ఇద్దరు ఆ పదవికి పోటీ పడి, ఒకరికి దక్కితే ఇంకొకరు సంఘం వదిలి పోయే దాకా వచ్చారు. చివరికి ఒకాయన నన్ను చూపించి, “వీణ్ణి పెడదాం. వీణ్ణి చూసి ఎవురికీ కుళ్లు పుట్టదు” అన్నాడు. ఏకగ్రీవం. నాకంటే తక్కువ అర్హతతో ఎన్నికైనవాడు ఆ మండలంలో ఉంటే చూడాలని ఉంది.

తర్వాత నాయకత్వం నేర్పిస్తామని నన్ను అనంతపురం పిలిచారు. ఫ్యాన్లు బాగా తిరిగే హాలు. ఇస్త్రీ చొక్కా సారు ఒకాయన అందరికీ రంగు కాగితాలు పంచి, మీరు ప్రాణం పోయినా వదలని విలువ ఒకటి రాసి గోడకు అంటించమన్నాడు. నేను ‘న్యాయం’ అని రాశాను. నా పక్కనాయన ‘నిస్వార్థం’ రాయడానికి నా పెన్ను అడిగి తీసుకుని, తిరిగి ఇవ్వలేదు.

ఆ గోడ ప్రభావమో, ఆ భోజనం ప్రభావమో, ఊరికొచ్చి సంఘం కూర్చున్నప్పుడు లేచి అనేశాను: “నాయకుడి ఇంటి చేనుకు అందరికంటే చివర తడి.” అందరూ చప్పట్లు కొట్టారు. నాయన కొట్టలేదు. తువ్వాలు దులుపుకుని లేచాడు.

ఇంటికి పోయే దారిలో అడిగాడు. “చివర అంటే ఏందో తెల్సునా నీకు?”

“అందరి తర్వాత, నాయనా.”

“బోరు నాది. పైపు పోయేది నా చేన్లో నుంచి. నీళ్లు నా కాళ్ల కిందనే పోతాంటే, నా చెట్లు ఎండేది చూస్తా నిలబడల్ల. అంతేనా?”

“న్యాయం కదా, నాయనా.”

“రేపు సద్దిలోకి అదే పెట్టమను మీ అమ్మను.”

ఆ తర్వాత ఆయన నాతో ఆ విషయం మాట్లాడలేదు. అది మంచిది కాదని నాకు తెలుసు. మా నాయన తిడుతున్నంత కాలం ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది.

వంతులు నడిచాయి. వాన రాలేదు. బోర్లు గాలి కక్కడం మొదలుపెట్టాయి. నీళ్లకు ముందు దగ్గు వచ్చేది. అందరివీ అయ్యాక మూడు చేలు మిగిలాయి. పైపు చివర ఉన్న అక్కది, మధ్యలో మామది, పైన మాది. అక్క అంటే సొంత అక్క కాదు, మా వీధిలో ఆమె. మామ అంటే అమ్మకు దూరపు అన్న. నాయకత్వానికి పోటీ పడిన ఇద్దరిలో ఒకడు.

ఆ పొద్దున వంతు అక్కది. త్రీఫేజు కరెంటు వచ్చింది, మోటారు మోగింది. కాసేపటికే అక్క చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని పైకి నడిచి వచ్చింది.

“తమ్ముడా, నీళ్లు వచ్చేది లే. పిల్లోడు ఉచ్చ పోసినట్ల వస్తాండాది.”

“బోరు అలిసిపోయిందేమో అక్కా,” అన్నాను.

“బోరు కాదు అలిసింది,” అన్నాడు వెనక నుంచి మామ. “ఏమప్పా లీడరూ, మీ నాయన చేను చూసినావా ఈ మధ్య? ఊరంతా ఎండినా ఆడ మాత్రం పచ్చగా ఉండాది. చివర తడి అంటివే. చివర తడికి ఇప్పుడే పచ్చగా అయ్యిందా?”

నవ్వించడానికి నోరు తెరిచాను. “మా నాయన మొఖం చూసి చెట్లు భయపడి పచ్చబడినాయేమో మామా.”

ఎవరూ నవ్వలేదు. ఊళ్లో మొదటిసారి నా మాటకు ఎవరూ నవ్వలేదు. గట్టు మీద నిలబడిన వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పుడే ఒకాయన గొణిగాడు, “అట్లయితే నా బోరు నాకు ఇడిసిపెట్టండి. నా చేనుకు నేను కట్టుకుంటా.” ఆ ఒక్క బోరు పోతే ఇంకొకటి పోతుంది. సాయంత్రానికి పైపు ఉంటుంది, సంఘం ఉండదు. అక్క చేనుకూ మామ చేనుకూ బోరు లేదు.

మామ చెప్పినది నిజం. మా చేనులో ఒక మూల పచ్చగా ఉంది. వారం నుంచి నేనూ అటు చూడకుండా నడుస్తున్నాను.

“పదును చూద్దాం,” అన్నాను.

మా వైపు పదును చూడటమంటే, సాలు పక్కన మట్టి తవ్వి పిడికిట్లో పట్టి బిగించడం. ఉండ కడితే తడి ఉన్నట్టు, రాలిపోతే లేనట్టు. సాక్ష్యం చెప్పమంటే మనుషులు తడబడతారు గానీ ఎర్రమట్టి తడబడదు.

అందరం మా చేను దగ్గరికి పోయేసరికి నాయన గట్టు మీద పార ఆనించుకుని నిలబడి ఉన్నాడు. అన్నీ విన్నాడని ముఖం చెప్తోంది.

“నా చేన్లో చెయ్యి పెట్టి చూస్తారా? ఎవురు పెడతారు? రాండి చూద్దాం.”

ఎవరూ కదల్లేదు. మామ కూడా. అందరి కళ్లూ నా మీదికి తిరిగాయి. అనంతపురం సారు ఈ ఘట్టానికి ఏ రంగు కాగితం ఇచ్చాడో గుర్తు రాలేదు.

నేను వంగాను. వేళ్లతో తవ్వి మట్టి పిడికిట బిగించాను. విప్పితే రాలాలని ఎంత కోరుకున్నానో చెప్పలేను.

విప్పాను. అరచేతిలో ఉండ నిలబడింది. నా వేళ్ల గుర్తులతో సహా.

ఎవరో “అబ్బా” అన్నారు. అంత చిన్న ఉండలో ఎంత సిగ్గు పట్టగలదో నాకు తెలిసింది. నాయన నా వైపు చూడలేదు, ఉండ వైపు చూశాడు. నేను మోకాళ్ల మీద ముందుకు జరుగుతూ ప్రతి సాలు దగ్గరా తవ్వాను. పైపు దగ్గరికి పోయేకొద్దీ మట్టి ముద్దవుతోంది. దూరం పోతే పొడి. పైపు అతుకు దగ్గర చెయ్యి పెడితే నీళ్లు చిమ్ముతూ తగిలాయి. రబ్బరు రింగు చీలి, అక్క చేనుకు పోవాల్సినవి ఇక్కడే ఇంకుతున్నాయి.

“లీకు,” అన్నాను.

“ఎవురు పెట్టినారు లీకు?” మామ అడిగాడు.

“నేను పెట్టలే, బావా,” అన్నాడు నాయన. కొంచెం ఆగాడు. “కానీ చూసినా. చూసి మూయలే.”

అది ఆయన ఎవరికీ చెప్పనక్కర్లేని మాట. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. గట్టు మీద గొణుగుడు ఒక్కసారి పెరిగింది. “వాళ్ల వంతు కొట్టేయల్ల,” అని ఒకడు, “బోరే వద్దు,” అని ఇంకొకడు. అక్క మాత్రం, “మీ పంచాయితీ సరే, నా చేను సంగతేంది?” అంది.

మా నియమాల్లో తప్పుకు శిక్ష లేదు. చప్పట్లు కొట్టి లేచిపోయినవాళ్లం, అంత దూరం ఆలోచించలేదు.

“తడిసిన సాళ్లు మా వంతులో పోయినట్టే,” అన్నాను. “వాటికి మళ్లీ నీళ్లు లేవు. మిగిలిన చేనుకు వంతు ఉంది, చివరే. ఇకమీదట ఎవరి చేన్లో లీకు దొరికినా ఇదే లెక్క. ఇప్పుడే అందరి చేలల్లో పదును చూద్దాం. మామ చేనుతో మొదలుపెడదాం.”

చివరి మాట కొంచెం కసితోనే అన్నాను. మామ చేనులో మట్టి తీసి పిడికిలి బిగించాను. విప్పకముందే వేళ్ల సందుల్లోంచి పిండిలా జారిపోయింది. చెట్లు ఆకులు ముడుచుకుని ఉన్నాయి. సిద్ధం చేసుకున్న ఎకసెక్కెం అక్కడే వదిలేశాను. ఆయన అరిచింది నా పదవి మీద కుళ్లుతో కాదు, ఈ చెట్ల కోసం.

నాయన మా వెనకే వచ్చాడు. ఆ మట్టి రాలడం చూశాడు. జేబులోంచి మా బోరు మోటారు స్టార్టరు పెట్టె తాళంచెవి తీసి మామ చేతిలో పెట్టాడు.

“ఇది నీ కాడ పెట్టుకో బావా. నా కాడొద్దు. నా కొడుకు కాడ అసలొద్దు, వాడు నవ్వతా యాడన్నా పోగొడతాడు.”

అప్పుడు నవ్వారు. బోరు వెనక్కి తీసుకుంటానన్నాయన కూడా. సంఘం నిలిచిందని నాకు అప్పుడే తెలిసింది. ఏదైనా పెద్ద మాట చెప్పాలనిపించింది. అందరూ నా వైపే చూస్తున్నారు, గొంతు కూడా సవరించుకున్నాను.

“అంతా బాగుండాది తమ్ముడా,” అంది అక్క, “రింగు యాడ దొరుకుతాది?”

సైకిలు ట్యూబు ముక్క కట్టి చూశాం, ఒత్తిడికి ఊడిపోయింది. ఆ సైజు రబ్బరు రింగు ముదిగుబ్బలో లేదు, అనంతపురం పోవాలి. ఆ రోజు ఆదివారం. పైపుల అంగళ్లు మూసి ఉంటాయి.