వడ్డాది సంతలో దెయ్యాన్ని పిలిచిన రోజులు

మొన్న ఇద్దరు యువమిత్రులు వచ్చి, నా వ్యాసాలన్నీ ఒక సంపుటంగా వేస్తామని చెప్పి, వాటిలో మొట్టమొదటిదైన ‘దెయ్యానికి సవాలు’ అనే చిన్న పుస్తకం జిరాక్సు కాగితాలు నా ముందు పెట్టారు. ఎక్కడో మూతపడ్డ గ్రంథాలయం బీరువాలో దొరికిందట. తప్పులు దిద్దమన్నారు. దానితోపాటు, ఆ పుస్తకం ఆనాటి సమాజం మీద ఎలాంటి ప్రభావం చూపిందో రెండు పేజీలు రాసిమ్మన్నారు. నా పుస్తకం నా దగ్గరే ఒక్క ప్రతి కూడా ఎందుకు లేదని ఆశ్చర్యపోయారు. ఆ రెండింటికీ జవాబు ఒక్కటే గానీ, ఆ కుర్రవాళ్ళ ముఖాలు చూస్తూ చెప్పడానికి నాకు నోరు రాలేదు. నా ఈడువాళ్ళకైతే చెప్పుకోవచ్చు.

అవి యాభైల నాటి మాటలు. అప్పటికి నాకు ఇరవై నిండాయో లేదో. చోడవరంలో పఠనమందిరం వసారాలో మేము ఆరేడుగురం చేరి, దేవుడు, కర్మ, జాతకం, పునర్జన్మ అంటూ ఒక్కొక్కదాన్నీ బోనులో నిలబెట్టి పొద్దుగూకే దాకా విచారణ జరిపేవాళ్ళం. ఇంటికొచ్చి అమ్మ పెట్టిన నైవేద్యం పులిహోర మాత్రం రెండోసారి అడిగి తినేవాణ్ణి. సంస్కరణ అంటే వాదంలో గెలవడమేననీ, ఎదుటివాడు జవాబు చెప్పలేక నోరు మూసుకుంటే లోకం ఒక అడుగు ముందుకు వేసినట్టేననీ గట్టిగా నమ్మిన వయసు అది.

కానీ ఆ పుస్తకం వాదం కోసం రాసింది కాదు, మా అక్క కోసం రాసింది. అక్కను రోలుగుంటలో ఇచ్చారు. చెరకు, వరి పండించే సంసారం, తిండికీ బట్టకూ లోటు లేదు. మొదటి కాన్పులో బిడ్డ పోయింది. రెండో కాన్పులో బిడ్డతోపాటు అక్క కూడా పోవలసిందే. ఎలాగో బతికి బయటపడింది. అప్పుడు చూసిన నర్సమ్మగారు, అక్కకు ఎముక ఇరుకనీ, మంత్రసాని చేతుల మీద జరిగే కాన్పు కాదనీ, మళ్ళీ కడుపు పండితే నెలలు నిండకముందే అనకాపల్లి ఆసుపత్రికి తీసుకురమ్మనీ గట్టిగా చెప్పింది. అక్క అత్తగారు మాత్రం భూతవైద్యుణ్ణి అడిగింది. బాలింత దెయ్యం కనిపెట్టుకుని ఉందనీ, కడుపుతో ఉండగా ఊరి పొలిమేర దాటితే ఆ గాలి వెంటబడుతుందనీ, ఇల్లు కదలనివ్వవద్దనీ అతను చెప్పాడు. ఇద్దరిలో ఆవిడ ఎవరి మాట విన్నదో చెప్పనక్కర్లేదు. మా బావ మంచివాడే గానీ తల్లికి ఎదురుచెప్పే మనిషి కాడు.

అక్కకు మళ్ళీ మూడో నెల అని తెలిసిన రోజున కలం పట్టాను. అచ్చువేసేవాళ్ళు ఎవరూ లేరు గనుక నేనే వేయించుకున్నాను. అనకాపల్లిలో బెల్లం వర్తకుల రసీదులు అచ్చువేసే చిన్న ప్రెస్సు ఒకటి ఉండేది. ఆ రసీదుల గులాబీరంగు కాగితమే నా పుస్తకానికి అట్ట అయింది. ఇప్పుడు చదువుతుంటే నవ్వొస్తోంది. పేజీకి నాలుగు చోట్ల ‘ఓ మూఢులారా!’ అని సంబోధన, వాక్యానికొక సంస్కృత సమాసం. అక్కకు అక్షరమ్ముక్క రాదు. వాళ్ళ అత్తగారికి అంతకన్నా రాదు. అయినా ఆ పుస్తకం దేశంలోకి వెళితే దెయ్యాలన్నీ పారిపోతాయనీ, మా అక్క బండెక్కి ఆసుపత్రికి వెళుతుందనీ నా ధీమా.

చదువు రానివాళ్ళకు చదివి వినిపించాలన్న ఆలోచనతో వడ్డాది సంతకు వెళ్ళాను. ఉల్లిపాయల బస్తాల పక్కన ఖాళీ బండి ఒకటి దొరికితే దాని మీద నిలబడి, పుస్తకం పైకెత్తి, ఒక్కొక్క దెయ్యాన్నీ పేరుపెట్టి పిలిచాను. కొరివిదెయ్యమా, ఉంటే రా! బాలింత దెయ్యమా, ఉంటే రా! ఇదిగో ఇక్కడ నిలుచున్నాను, వచ్చి పట్టుకో! జనం బేరాలు మానుకుని ఊపిరి బిగబట్టి చూశారు. ఏదీ రాలేదు. నేను దిగేలోపునే పుస్తకాలు ఎగబడి కొన్నారు. మరుసటి సంతలోనూ అంతే. హేతువాదం ఉత్తరాంధ్రను ముంచెత్తుతోందని పఠనమందిరంలో ఉపన్యాసం కూడా ఇచ్చాను.

మూడో సంతలో ఒక ముసలమ్మ పుస్తకం అటూ ఇటూ తిప్పి చూసి అడిగింది.

“బాబూ, ఇది తలకింద ఎట్టుకోవాలా, గుమ్మానికి కట్టుకోవాలా?”

చదువుకోవాలి అన్నాను.

“సదువుకోడానికి మా ఇంట సదువొచ్చినోలు ఎవులున్నారు బాబూ!”

పక్కనున్న చెరకు రైతు ఆమెను కసిరాడు. “ఎక్కడెడితే ఏటే? పేరెట్టి పిలిస్తే ఒక్క దెయ్యమైనా బండి కాడికి వచ్చిందేటి? సూసేవు కదా, ఎంత గట్టి పుస్తకమో!”

నా కాళ్ళ కింద బండి కదిలినట్టయింది. దెయ్యం లేదని రాసిన పుస్తకాన్ని జనం దెయ్యానికి విరుగుడుగా కొంటున్నారు! నేను గొంతు చించుకుని అది కాదని చెబితే, మంత్రం తెలిసినవాడు మర్మం చెప్పడు గదా అని తలలూపారు.

ఆ మంటతోనే రోలుగుంట వెళ్ళాను. అక్కకు నెలలు నిండవస్తున్నాయి. లోపల మంచం మీద, తలకింద కొడవలీ, పక్కన చీపురూ, పాత చెప్పూ; వాటి నడుమ, వడ్డాది సంత నుంచి వచ్చిపడి, గులాబీరంగు అట్టతో, పసుపు పూసుకుని నా హేతువాదం. అక్క అత్తగారు ఎన్నడూ లేనిది నాకు ఎదురొచ్చింది.

“ఒరే బాబూ, సదువుకుని దేనికీ పనికిరాకుండా పోయేవనుకున్నాను. ఇన్నాల్లకి ఒక మంచి పని సేసేవు. ఈ పుస్తకం ఒల్లో ఎట్టుకుంటే పొలిమేర దాటినా ఏటీ కాదంట. రేపే బండి కట్టిస్తాను. నీ మాటే కానీ, ఆస్పత్రికే తీసుకెల్లు!”

మర్నాడు పొద్దున్నే బండి కట్టారు. అక్కను ఎక్కించి, ఆవిడ పుస్తకాన్ని కళ్ళకద్దుకుని కోడలి ఒడిలో పెట్టింది. నాలోని వాది ఊరుకోలేకపోయాడు. అది తాయెత్తు కాదనీ, దానిలో ఏ మహిమా లేదనీ, ఆసుపత్రికి వెళ్ళవలసింది డాక్టరు ఉంది కనకనేననీ ఇప్పుడే ఇక్కడే తేల్చేద్దామని “అత్తా, ఒక్క మాట” అంటూ గొంతు సవరించుకున్నాను. అక్క బండిలోంచి వంగి నా చొక్కా పట్టి లాగింది. ఆయాసంతో నెమ్మదిగా, నాకొక్కడికే వినబడేట్టు అంది.

“ఒరే, లేదంటావు నువ్వు. ఉందంటాది మా అత్త. మజ్జిన కడుపుతో ఉన్నదాన్ని నేనురా. నోరు మూసుకుని నన్నెల్లనీ.”

నోరు మూసుకున్నాను. పఠనమందిరంలో ఎవరూ నా చేత ఆ పని చేయించలేకపోయారు. చోడవరం దాకా బండి వెనకాలే నడిచాను, అక్కడ బస్సెక్కించాను. ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. డాక్టరమ్మగారు ఇంకొక్క రోజు ఆలస్యమైతే అంటూ మాట మధ్యలో ఆపేసింది. అక్క మత్తులో ఉంది. మా మేనకోడలు వార్డంతా అదిరేలా ఏడుస్తోంది. అంత గట్టి వాదన నేను అంతవరకూ విని ఉండలేదు.

ఆ కబురు పాకిన తర్వాత చీడికాడ నుంచి కూడా జనం మా ఇంటికి పుస్తకం కోసం రావడం మొదలుపెట్టారు. నేను ఇవ్వననేవాణ్ణి. నేను లేని సమయంలో అమ్మ అందరికీ పంచిపెట్టేసింది. నేను నిలదీస్తే, పసిబిడ్డ కోసం వచ్చిన తల్లిని ఉత్తచేతులతో పంపుతామా అంది. తర్వాత తెలిసింది, ఇస్తూ ఇస్తూ ఒక మాట కూడా చెప్పేదట: “ఇది ఇంట్లో ఉంటే పని సెయ్యదమ్మా, ఒల్లో ఎట్టుకుని ఆస్పత్రికి ఎల్తేనే పని సేస్తాది!” అలా అయిపోయాయి నా ప్రతులన్నీ.

అక్క ఆ పుస్తకాన్ని నమ్మిందో, నమ్మినట్టు ఊరుకుందో నాకు ఈనాటికీ తెలియదు. బతికుండగా అడగలేదు. అడిగితే, మళ్ళీ వాదం మొదలెట్టేవా అని నవ్వేసి ఉండేది.

నిన్న ఆ జిరాక్సు కాగితాలు దిద్దడం పూర్తిచేశాను. వాదంలో ఒక్క అక్షరం మార్చలేదు. దెయ్యం ఆనాడూ లేదు, ఈనాడూ లేదు; ఎవరికైనా సందేహం ఉంటే సవాలు ఇప్పటికీ అలాగే ఉంది. ‘ఓ మూఢులారా’ అన్న పిలుపు మాత్రం ఉన్నచోటల్లా కొట్టేశాను. ఆ పిలుపు అందవలసిన ముఖాలు తలుచుకుంటే కలం సాగలేదు.

ఇవాళ నా పుస్తకాలు మంచి కాగితం మీద వస్తున్నాయి, సభల్లో ఆవిష్కరిస్తున్నారు. వినడానికి వచ్చినవాళ్ళంతా ముందే నాతో ఏకీభవించి వస్తారు, సరైన చోట చప్పట్లు కొట్టి, టీ తాగి ఇళ్ళకు వెళతారు. ఆసుపత్రులు వీధికొకటి వెలిశాయి, సంతోషమే. నా భాష కూడా బాగుపడింది. కానీ చేతకాని ఆ సమాసాలు రాసిన రోజుల్లో, ప్రతి వాక్యం దగ్గరా నా కళ్ళ ముందు రోలుగుంటలో ఒక మనిషి ఉండేది. ఇప్పుడు ఇంత చక్కటి వాక్యం రాసి చూసుకుంటాను. ఎవరు బండెక్కాలని రాస్తున్నానో నాకే తెలియడం లేదు.