ఆగి ఉన్న బండికి బ్రేకుతో ఏం పని

ఈ రోజు ఉదయం సూరత్‌లో, ఉధనాలోని ఒక వర్క్‌షాపులో గుద్దుకున్న కారు దగ్గర కూర్చున్నాను. మెకానిక్ ముందు చక్రం విప్పగానే మాడిన బ్రేకు ప్యాడు వాసన గుప్పున కొట్టింది. ముక్కులోంచి గొంతులోకి దిగి అక్కడే ఉండిపోయే ఘాటు అది. దగ్గు వచ్చింది. దాని వెనకే అంజయ్య సార్ గుర్తుకొచ్చారు. ఆయన పోయి ఏడాది దాటింది. ఆయన దగ్గర నేను ఆరేళ్లు పనిచేశాను.

సార్ బీమా సర్వేయర్. ప్రమాదం జరిగిన బండిని చూసి, ఏం జరిగింది, ఎందుకు జరిగింది, నష్టం ఎంత అన్నది నివేదిక రాయడం ఆయన పని. ఫీజు ఇచ్చేది బీమా కంపెనీయే. "పైసలు ఇస్తరు గాని, కండ్లు కొనలేరు" అనేవారు సార్. వాళ్ల నాన్న కరీంనగర్ వైపు నుంచి మగ్గాల పనికి సూరత్ వచ్చాడు. మా నాన్నా అంతే. మాది భేస్తాన్‌లో పవర్‌లూమ్ కార్మికుల ఇళ్ల వరుస. ఆటోమొబైల్ డిప్లొమా చేసిన నన్ను ఏ వర్క్‌షాపూ బండి ముట్టుకోనివ్వలేదు. రిసెప్షన్‌లో కూర్చోమన్నారు, ఫోన్లు ఎత్తమన్నారు. సార్ మాత్రం మొదటి రోజే టార్చిలైటు చేతికిచ్చి, నుజ్జయిన ఒక కారు కిందికి చూపించారు.

"కింద పండుకొని సూడు బిడ్డా. ఏం కనబడ్తే గది రాయి. ఏం కనబడాల్నని మనసుల అనుకుంటున్నవో, గది రాయకు."

చుడీదార్ నిండా గ్రీజుతో ఇంటికి వెళ్లాను. అమ్మ తిట్టింది. ఎందుకో ఆ రోజు నాకు తిట్లు తగల్లేదు.

మా వీధిలోనే రమేశ్ ఉండేవాడు. మగ్గం మానేసి, పాత కారు ఒకటి కొని కిరాయికి తిప్పేవాడు. ఒక వానాకాలం హైవే మీద, బండి నిండా మనుషులు ఉండగా, బ్రేకు నొక్కినా కారు ఆగలేదు. ముందున్న లారీకి జానెడు దూరంలో నిలిచింది. ఆ భయంతో అతను ముందు చక్రాలకు పెద్ద డిస్కు బ్రేకులు వేయించుకున్నాడు. సంత బజారు సరుకు. తయారీదారు పేరు లేదు, ముద్ర లేదు. కంపెనీ తయారుచేసిన బండిలో అలాంటి మార్పు చేయాలంటే ఆర్టీవో అనుమతి తీసుకోవాలి, ఆర్సీలో రాయించాలి, బీమా కంపెనీకి చెప్పాలి. రమేశ్ ఈ మూడింటిలో ఒక్కటీ చేయలేదు. మంచి బ్రేకులు వేసుకుంటే ఎవరికి చెప్పాలి అనుకున్నాడు.

కొన్ని నెలల తర్వాత, పట్టపగలు, సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న అతని కారును చీరల మూటల టెంపో ఒకటి వెనక నుంచి గుద్దింది. వెనక భాగం అప్పడంలా నలిగింది. రమేశ్ నుదుటికి కుట్లు పడ్డాయి. బండి మూలబడితే ఇల్లు మూలబడినట్టే. క్లెయిమ్ సర్వే సార్‌కే వచ్చింది.

మర్నాడు తనిఖీ అనగా, సాయంత్రం రమేశ్ భార్య లావణ్య మా ఇంటికి వచ్చింది. "సువర్ణక్కా, బ్రేకులు మార్చిన్రని తెలిస్తే కంపెనీ ఒక్క పైస ఇయ్యదంట గదా. జర నువ్వే ఏదన్న చెప్పు" అని ఏడ్చింది. నాకు జాలి వేసింది. పైగా పెద్ద తెలివైనదాన్ని అనుకున్నాను. "పాత బ్రేకులు ఉన్నయి గదా, రేపు మేం వచ్చేలోపల అవే పెట్టించుండ్రి" అని చెప్పాను.

సార్ వచ్చారు. నలిగిన వెనక భాగాన్ని ఫొటోలు తీశారు. తర్వాత ముందు చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. ఏళ్లనాటి తుప్పు పట్టిన బోల్టుల మీద పానా రాసుకున్న తాజా గీతలు తెల్లగా మెరుస్తున్నాయి. ఆయన రమేశ్‌ను అడగలేదు. నా వైపు తిరిగారు.

"ఎవరు చెప్పిండ్రు?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. కానీ ఆయన కళ్లు చూసి, "నేనే సార్" అన్నాను.

ఆయన కేకలు వేయలేదు. అరిచినా బాగుండేది. "నిజం మన దిక్కే ఉండె గద బిడ్డా. బండి ఆగి ఉన్నది. ఎనకకెల్లి గుద్దిండు. ఆగి ఉన్న బండికి బ్రేకుతోని ఏం పని? గిప్పుడు నువ్వు గా నిజాన్ని దొంగసొమ్ము లెక్క దాచిపెట్టినవ్. దొరికిన్నాడు గుద్దింది గూడ అబద్ధమే అంటరు."

కొత్త బ్రేకులు తెప్పించి, బిగించి చూపించమన్నారు. వాటి ఫొటోలూ తీశారు. ఆ రోజు మధ్యాహ్నం నివేదిక టైపు చేయడానికి నన్నే కూర్చోబెట్టారు. ఆయన చెబుతుంటే నేను టైపు చేశాను. బ్రేకులు అనుమతి లేకుండా మార్చారు. బీమా కంపెనీకి తెలియజేయలేదు. ప్రమాద సమయంలో బండి ఆగి ఉంది. ఈ మార్పుకూ ప్రమాదానికీ సంబంధం లేదు. ఆ తర్వాతి వాక్యం దగ్గర నా వేళ్లు ఆగిపోయాయి. తనిఖీకి ముందు పాత బ్రేకులు బిగించారు, ఆ సలహా ఇచ్చింది నా సహాయకురాలు, బాధ్యత నాది.

"సార్, గది గూడ రాయాల్నా?"

"రాయి. మన తప్పు దాచి, పక్కోని తప్పు రాస్తే గది రిపోర్టు గాదు, చాడీ."

వారం తిరక్కముందే కంపెనీ క్లెయిమ్స్ మేనేజర్ పిలిపించాడు. నేనూ సార్ వెంట వెళ్లాను. ఏసీ గదిలో టీ తెప్పించి, మెత్తగా హిందీలో మొదలుపెట్టాడు. "అంజయ్యభాయ్, ఏక్ లైన్ బదల్ దో. బ్రేకుల మార్పు ప్రమాదానికి కారణం కావచ్చు అని రాయండి, చాలు. కావచ్చు అనే కదా అంటున్నాను."

"సాబ్, గాడీ ఖడీ థీ" అన్నారు సార్. బండి ఆగి ఉంది అని.

మేనేజర్ మళ్లీ వివరించాడు. పాలసీ షరతు అన్నాడు, చట్టం అన్నాడు. సార్ అంతా విని, "షరతు తప్పిండని నేనే రాసిన. గుద్దింది గూడ ఆయనే అని మాత్రం రాయ" అన్నారు. మేనేజర్ ముఖం మారింది. నేను చేసిన పని మీద పైకి ఫిర్యాదు పంపవచ్చని, ఇక మీదట కేసులు రావడం కష్టమని అన్నాడు. సార్ టీ కప్పు ముట్టుకోకుండానే లేచారు.

"ఫిర్యాదు పంపుండ్రి. కేసులు బంద్ జేయుండ్రి. లైన్ మాత్రం గట్లనే ఉంటది."

మెట్లు దిగాం. ఆయన ఆకలైందని కింద తోపుడు బండి దగ్గర లోచో అనే శనగపిండి టిఫిను తిన్నారు, నాకూ ఒక ప్లేటు పెట్టించారు.

ఆ కంపెనీ నుంచి తర్వాత కేసులు రాలేదు. క్లెయిమ్‌ను తిరస్కరించారు. రమేశ్ వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాడు. సార్ వెళ్లి సాక్ష్యం చెప్పారు. కంపెనీ వకీలు నా సంగతి ఎత్తాడు. సార్ నివేదికలోనే అదంతా రాసి ఉంది, కాబట్టి లాగడానికి వకీలుకు ఏమీ మిగల్లేదు. అనుమతి లేని మార్పు తప్పే కదా అని అడిగితే, తప్పే అన్నారు సార్. అయితే క్లెయిమ్ ఎలా చెల్లుతుంది అని అడిగితే, "అనుమతి లేకుండ పెట్టినందుకు శిక్ష వేరు. ఎవడో వచ్చి గుద్దినందుకు గూడ ఈయననే శిక్షిస్తరా?" అన్నారు. చివరికి కమిషన్ కొంత కోత వేసి, మిగతాది చెల్లించమంది. కోత పడినందుకు రమేశ్ మొహం ముడుచుకున్నాడు. సార్ ఊరుకోలేదు. "కోత నా రిపోర్టు తోనే పడ్డది. మిగిలింది గూడ నా రిపోర్టు తోనే వచ్చింది. రెండూ నీవే."

అక్కడితో వదల్లేదు. సంత బజారు బ్రేకులు తీయించి, ఆ బండికి సరిపోతాయని ధ్రువీకరించిన ముద్ర ఉన్నవి కొనిపించారు. బిల్లు, బిగించిన వర్క్‌షాపు పత్రం, ఆర్టీవోకు దరఖాస్తు, తనిఖీ, ఆర్సీలో నమోదు, బీమా కంపెనీకి ఉత్తరం, దాని నకలు మీద అందినట్టు ముద్ర. గేటు దగ్గర ఒక ఏజెంటు "కాకా, మీరెందుకు నిలబడుడు, నేను జేయిస్త" అన్నాడు. సార్ వరుసలోంచి కదల్లేదు. మూడోసారి తిరిగినప్పుడు రమేశ్ విసిగిపోయాడు.

"మంచి బ్రేకులు పెట్టుకునెటందుకు గింత లొల్లేంది సార్?"

"మంచియని నీకెట్ల తెలుసు? ముందు చక్రం గట్టిగ పట్టి, ఎనక చక్రం జారి బండి తిరిగితే? నీ బండ్ల నీ పిల్లలొక్కరే కూసుంటరా? చెయ్యి తిరిగినోడు ఒకడు సూసి సరే అనాలె. సూడకుండ సంతకం పెడితే గప్పుడు చెయ్యి లొల్లి. నేనూ వస్త."

కేసులు తగ్గిన ఆ రెండేళ్లూ సార్ స్కూటర్ మీదే తిరిగారు. నన్ను మానేయమని ఒక్కసారీ అనలేదు. నా సర్వేయర్ లైసెన్సు పరీక్షకు పుస్తకాలు ఆయనే తెచ్చారు. లైసెన్సు వచ్చిన రోజు మిఠాయి తీసుకెళ్తే, "ఇగ నీ తప్పుకు బాధ్యత నాది గాదు, నీదే" అని నవ్వారు. నాకు దక్కిన పెద్ద ఆశీర్వాదం అదే.

పోయిన నెల మా తమ్ముడు కొత్తగా కొన్న కారుకు ఎర్ర రంగు వేసిన పెద్ద బ్రేకులు బిగించుకున్నాడు. పాలసీ రెన్యూవల్ ఫారం నింపమని నాకు ఇచ్చాడు. మార్పులు ఏమైనా ఉన్నాయా అన్న గడి దగ్గర నేను 'ఉన్నాయి' అని రాశాను. వాడు చూసి, పెన్ను లాక్కోబోయాడు. "అక్కా, నువ్వు ఇంట్ల మనిషివా, కంపెనీ మనిషివా?" అని అరిచాడు. అమ్మ కూడా వాడి పక్షమే మాట్లాడింది. బ్రేకులు తీసెయ్, లేదా ఆర్టీవోకు నాతో రా, రేపు పొద్దున్నే వరుసలో నిలబడతాను అన్నాను. వాడు తలుపు ధడేలున వేసి వెళ్లాడు. ఇప్పటికీ మాట్లాడటం లేదు.

మాట్లాడకపోతే పోనీ. ఫారంలో ఆ గడిలో రాసింది నేను కొట్టివేయలేదు. కొట్టివేయను.