సీసాడు సముద్రం

నర్సీపట్నం చేపల మార్కెట్లో నా కత్తిపీట పక్కనే గంప దించే మామ్మకి ఒక అలవాటుండేది. చేపల అడుగున శంఖం గుడ్ల గొట్టం కనబడితే బేరం ఆపేసి మరీ దాన్ని తడిగుడ్డలో చుట్టేది. సీసాలో తెచ్చుకున్న సముద్రపు నీళ్లు దాని మీద చిలకరించి, మధ్యాహ్నం బస్సులో తిరిగి తన రేవుకే తీసుకుపోయేది. పొట్టేలు కొమ్ములా మెలి తిరిగిన ఆ గొట్టంలో అరలరలుగా శంఖం పిల్లలుంటాయట.

"మామ్మా, పిల్లలకి టికెట్టు తీశావా?" అనేవాణ్ణి.

"నవ్వురా, నవ్వు. పెద్దయితే పురుగుల్ని ఏటాడి తింటాయి గానీ ఇవి ఈదనేవు. కొన్ని గుల్లల పిల్లలు నీళ్లలో తేలి ఎక్కడెక్కడికో పోతాయి. ఇవి పుట్టినకాడే పాకుతాయి. మా రేవులో అయిపోనాయంటే, ఇంకో రేవు నుంచి రావు."

ఆరో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టిన నాకు ఆ పాఠం సగమే ఎక్కింది. ఒకరోజు మామ్మ టీకి వెళ్లింది. ఎండకి గుడ్డ ఆరిపోతుంటే, సాయం చేద్దామని చెంబుడు బోరు నీళ్లు పోశాను.

ఆమె వచ్చి గుడ్డ తడిమి, వేలు నాలుకకి రాసుకుంది. ఉప్పు లేదు.

"సంపేసినావు కదరా" అంది మెల్లగా. తిట్టినా బాగుండేది. అయినా ఆ మూట ఒళ్లో పెట్టుకునే బస్సెక్కింది.

మర్నాడు తన సీసా నా ముందు పెట్టింది. "ఈసారి ఇది పొయ్యి."

ఆ తర్వాత ఆమె వచ్చినన్నాళ్లూ గంప అడుగు నేనే వెతికాను. ఒక్క గొట్టమూ దొరకలేదు. మామ్మ ఇప్పుడు రావడం లేదు. సీసా ఇంకా నిండుగానే ఉంది.