జొన్నలు పోసే చోట ఆగే వరస

నాకు సంతకం పెట్టడం వచ్చు, అంతకు మించి రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. నా గొంతు చిన్నప్పటి నుంచీ బొంగురే. అయినా మా ఆయన పాడిన పాటల్లో ఒకటి ఈ గొంతులోంచే పోయింది. ఆ సంగతి చెబుతాను.

మాది గోపాల్‌పేట పక్కన ఊరు. మా ఆయన రోజూ నాగలి పట్టేవాడు, ఏకాదశికి హార్మోనియం పట్టేవాడు. వనపర్తికి డేరా టాకీ, అంటే గుడారంలో ఆడించే సినిమా, వచ్చిన ఏడు భజన మండలి వాళ్లంతా బండి కట్టుకుని పోయి చూసొచ్చారు. కథ ఒక్కరికీ గుర్తులేదు, పాటల వరసలు మాత్రం మోసుకొచ్చారు. టాకీలో ఒక పిల్ల పూలు కోస్తూ పాడిన వరసకు మా ఆయన రాముడి మాటలు కట్టాడు. అట్లా కట్టడం తప్పు కాదు. కానీ మా మండళ్లలో ఒక కట్టుబాటు ఉండేది. పాట ఎత్తుకునే ముందు ఆ వరస ఎక్కడిదో చెప్పాలి. ఇది టాకీ వరస, ఇది ఫలానా ఊరి నాటకం వరస అని నలుగురికీ వినబడేలా చెప్పి, అప్పుడు తాళం వేయాలి.

ఇక నా పాట. మా అమ్మ బల్మూరు వైపు మనిషి. నాకు తొమ్మిదో పదో ఏళ్లప్పుడు జ్వరంతో పోయింది. ఆమె ముఖం నాకు సరిగ్గా గుర్తులేదు. విసుర్రాయి దగ్గర ఆమె పాడిన పాట ఒక్కటే మిగిలింది. అత్తగారింట్లో ఉన్న పిల్ల అన్న కోసం ఎదురుచూసే పాట. మూడో పాదం చివర గొంతు పైకి పోయి అక్కడే ఆగుతుంది. ఎందుకంటే అప్పుడు పిడికెడు జొన్నలు తీసి రాతి నోట్లో పోయాలి. పోసినాక రాయి మళ్లీ ఊపందుకుంటుంది, పాట కిందికి దిగుతుంది. తెల్లవారుజామున నేను పాడుతూ విసురుతుంటే మా ఆయన అరుగు మీద కళ్లు మూసుకుని ఉండేవాడు. నిద్రపోతున్నాడనే అనుకున్నాను.

ఆ ఏడు మా ఊళ్లో సప్తాహం పెట్టారు, ఏడు రోజుల భజన. మావాళ్ల వంతు మధ్యాహ్నం వచ్చింది. ఆయన కొత్త పాట ఎత్తుకోబోతుంటే మండలి పెద్ద అడిగాడు.

"వరస యాడిదిరా?"

"నాదే పెద్దయ్యా. నేనే కట్టిన."

"సొంతమా! శభాష్!"

ఆడవాళ్ల మధ్య కూర్చుని నేనూ మురిసిపోయాను. రెండు పాదాలయ్యాయి. మూడో పాదం చివర గొంతు పైకి పోయి ఆగింది. ఆయన చేతిలో జొన్నలు లేవు, ముందర రాయి లేదు. అయినా ఆగింది. నా ఒళ్లో ఉన్న కుడిచెయ్యి దానంతటదే పిడికిలి పట్టింది. జనం ఆ ఆగడానికే తలలూపారు. మా అమ్మను ఎవరో నా పక్కలోంచి ఎత్తుకుపోయినట్టయింది.

మర్నాటి నుంచి నోరు మూసుకుని విసిరాను. పాట లేకపోతే చెయ్యి ఒక తీరున తిరగదు. పిండి బరకగా పడింది, రొట్టె అంచులు విరిగాయి.

"ఏందే, రాయి మూగవోయిందా?" అంది మా అత్త. "గీ రొట్టె నేనెట్ల నమలాలె? నోట్ల పండ్లున్నయా నాకు?"

"నీ కొడుకునడుగు అత్తా. పాటలు కట్టెటోడు ఆయననే గద."

ఆయన రొట్టె ముక్క చేతిలోనే పెట్టుకుని నా వైపు చూశాడు. నాలుగోనాడు చేనుకు సద్ది తీసుకుపోయినప్పుడు నోరు విప్పాడు.

"జర పాడవే. పొద్దు పొడిచినట్టే ఉంటలేదు."

"నీ సొంత వరస నాకెట్ల వస్తది?"

తల దించుకున్నాడు. "టాకీది అంటే ఎవరు నవ్వరు. పెండ్లాం విసుర్రాయి పాట అంటే నవ్వరా?"

"టాకీల పిల్ల పూలు కోసిన వరస అని ఊరంతకు చెప్తివి. ఆమె నీకేమైతది? మా అమ్మ ఏం కాదా?"

ఆ రోజు సద్ది ముట్టకుండానే నాగలి పట్టాడు.

తర్వాత వనపర్తి దగ్గర ఇంకో సప్తాహానికి మావాళ్లను పిలిచారు. బండిలో నేనూ పోయాను. పెద్ద అడగకముందే మా ఆయన లేచి నిలబడి మద్దెల ఆపమన్నాడు.

"పోయినసారి అబద్ధమాడిన. గీ వరస నాది కాదు. మా ఇంటామె విసుర్రాయి కాడ పాడుతది. ఆమెకు వాళ్లమ్మ ఇచ్చింది."

నవ్వులు లేచాయి. "రేపు చీర కట్టుకొని నువ్వే ఇసురుతవేమో!" అన్నాడు మద్దెలాయన.

"ఇసురుత. నీకు మాత్రం రొట్టె పెట్టను."

పాట అయ్యాక ఒక ముసలవ్వ వచ్చి నా పక్కన కూలబడింది. కన్నడ సరిహద్దు పక్కనున్న గట్టు అనే ఊరి నుంచి బిడ్డ ఇంటికి వచ్చిందట. మాటలో కన్నడం కలిసేది.

"అది మీ అమ్మదెట్లయితది బిడ్డా? మాది. బాయి కాడ నీళ్లు చేదుకుంట పాడుతం."

ఏదీ, పాడమన్నాను. అవ్వ పాడి వినిపించింది. మాటలు వేరు. మూడో పాదం చివర మాత్రం అక్కడే ఆగింది.

"గీడ ఎందుకు ఆగినవవ్వా?"

"బొక్కెన అంచుకొచ్చింది గద. అందుకోవద్దా?"

"నీకెవరు నేర్పిండ్రు?"

"అయ్యో, ఎవరికి తెలుసు! అందరు పాడుతుండిరి, నేను పాడిన."

కోపం రావాల్సిన చోట నాకు నవ్వొచ్చింది. మా అమ్మ ఏ బావి గట్టున విన్నదో, ఎవరినైనా అడిగిందో లేదో. బొక్కెన అందుకునే చోట తన జొన్నలు పోసుకుంది. తిరిగి వచ్చేటప్పుడు బండిలో ఆ మాట ఆయనకు చెబితే, ఊరు వచ్చేదాకా ఆలోచించాడు. అప్పటి నుంచి ఎక్కడ పాడినా ముందు ఇట్లా చెప్పేవాడు: "మా ఇంటామె తల్లి వరస. ఆ తల్లికి ముందు ఎవరిదో తెల్వదు."

నేనూ మళ్లీ పాడాను. మా అత్తకు రొట్టె మెత్తగా దొరికింది.

మూడేళ్లు గడిచాయో లేదో, వాంతులు భేదులు పట్టుకుని రెండు రోజుల్లో ఆయన పోయాడు. మండలి వాళ్లు భజనతో సాగనంపడానికి వచ్చారు. పెద్ద ఆ పాటే ఎత్తుకోబోయి ఆగాడు. గొంతు సవరించుకుని, పాడె వైపు చూసి చెప్పాడు.

"ఈ ఇంటామె తల్లి వరస. ఆ తల్లికి ముందు ఎవరిదో తెల్వదు."

తాళం పడింది. నేను గడపలోనే నిలబడ్డాను. వీధి మలుపు దగ్గర మూడో పాదం చివర అంతమంది మగవాళ్లూ ఒక్కసారే ఆగారు. పిడికిలి పట్టి, పోసినట్టు తెరిచాను. అప్పుడు పాట కిందికి దిగింది.