నిమ్మకొమ్మకు కట్టు

నిమ్మాకు నలిగిన వాసన వస్తే ఇప్పటికీ నాకు గుండెదడ. బాపు పనికోసం వలసొచ్చిన మరమగ్గాల పేట ఉధ్నాలో, మా అద్దె ఇంటి పెరట్లో అమ్మ పెంచిన నిమ్మచెట్టు ఉండేది. ఒకరోజు బాపు దాని కొమ్మకు చుట్టూ బెరడు ఒలిచి, తడిమట్టి పెట్టి గోనెగుడ్డ చుట్టాడు. పొరపాటున గాయం చేసి కట్టు కట్టాడనుకున్నాను.

"బాపూ, చెట్టు సచ్చిపోతదా?"

"సావదు బిడ్డా. జర తడుపుతుండు."

రోజూ బడికి వెళ్లేముందు భయంభయంగా ఆ గుడ్డ తడిపేదాన్ని. ఒక్క ఆకు రాలినా ఏడుపొచ్చేది. వానాకాలం చివర్లో బాపు కట్టు విప్పితే మట్టినిండా తెల్లటి వేర్లు కనిపించాయి. కొమ్మను కోసి డబ్బాలో నాటాడు.

"ఇది మనతోని వస్తది," అన్నాడు అమ్మతో.

ఆ వారమే ఇల్లు ఖాళీ చేశాం. ఇంటాయన చెట్టు కొట్టేసి మరమగ్గాల షెడ్డు వేస్తాడని బాపుకు ముందే తెలుసట. ఆ దిగులు వానాకాలమంతా ఒక్కడే మోశాడు.