తోక చివరి ‘ట’

మొన్న గోడకు పడిన చిల్లు పూడ్చడానికి షాంటిలీలోని మా ఇంట్లో ప్లాస్టర్ కలిపాను. ఆ తడి వాసన తగలగానే సుభద్రగారు గుర్తొచ్చారు. వెంటనే ఒళ్లు మండింది, ఆవిడ మీద కాదు.

ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద జియాలజీలో మాస్టర్స్ ముగించి, ఉద్యోగం లేకపోతే ఆ వీసా నిలవని రోజుల్లో నేను ఒక చిన్న మ్యూజియంలో పనికి చేరాను. అక్కడ శిలాజాలు శుభ్రం చేసి అతికించే ల్యాబ్‌కు ఆవిడే పెద్ద. గుంటూరు మనిషి, మాట కటువు. మా బల్ల మీద కోట్ల ఏళ్ల కిందటి సముద్రపు సరీసృపం ఉండేది. దొరికింది సగమే. తోకలో మూడు ఎముకలే అసలువి, మిగతాదంతా మేం పోసిన ప్లాస్టర్. అలా పోసిన ప్రతి ముక్క మీదా ఆవిడ పెన్సిల్‌తో ‘ట’ అని రాసేవారు.

“ఇదేంటి మేడమ్?” అని మొదటి వారంలోనే అడిగాను.

“చూసినవాళ్లు ‘ఉంది’ అంటారు, చూడనివాళ్లు ‘ఉందట’ అంటారు. ఈ తోక నువ్వు చూశావా, నేను చూశానా? మరి ఆ ‘ట’ తీసేయడానికి మనమెవరం? ఇంగ్లిష్‌లో ఇంత చిన్న ముక్క లేదమ్మా, ఉంటే అదే రాసేదాన్ని.”

ప్లాస్టర్‌కు లేత బూడిద రంగే వేయించేవారు. ఏది దొరికిందో, ఏది మన ఊహో చూసేవాళ్లకు తెలియాలని ఆవిడ పట్టు. ప్రదర్శన దగ్గరపడ్డాక డైరెక్టర్ వచ్చి, జనానికి నిండు జంతువు కావాలి, అంతా ఎముక రంగే వేయమన్నాడు. తోక ఊహేనని కనీసం బోర్డు మీదైనా రాయమని ఆవిడ అడిగితే, అనుమానాలు చూడటానికి ఎవరొస్తారని నవ్వాడు. ఆవిడ రంగు వేయనన్నారు. ఆ వారమే ఆవిడను పంపించేసి, కుంచె నా చేతికిచ్చాడు. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటాను. కానీ ఆ రోజు కుంచె అందుకున్నాను. ఒక్కో ‘ట’ మీదా రంగు పూశాను.

సామాను తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు ఆవిడ నన్ను చూశారు. “వేస్తున్నావా?”

“వీసా స్టేటస్, మేడమ్…”

“సరే, వెయ్యి. బాగుందని మాత్రం నాతో అనకు.”

ఆ తర్వాత ఆవిడకు ఫోన్ చేసే ముఖం నాకు లేకపోయింది.

గోడ పూడ్చిన సాయంత్రమే మా అమ్మాయి స్కూల్ ట్రిప్ నుంచి వచ్చింది. వెళ్లింది ఆ మ్యూజియంకే.

“అమ్మా, దాని టెయిల్ ఎంత లాంగ్ ఉందో తెలుసా!”

“ఉందట, అను!” అని అరిచాను.

పిల్ల బిత్తరపోయింది. “బట్ నేను చూశాను కదా, అమ్మా.”

“నువ్వు చూసింది నేను వేసిన రంగు.”