పదకొండు గంటల పప్పు

పదవీ విరమణకి ఇంకా మూడేళ్ళు ఉన్నాయనగా, ఒక మే నెల మొదటి సోమవారం, నన్ను అనకాపల్లి శ్రోతల సర్వేకి వేశారు. విశాఖపట్నంలో స్టూడియో ఉన్న ఒక ప్రైవేటు ఎఫ్ఎం రేడియోలో నేను శ్రోతల పరిశోధన అధికారిని. పేరు పెద్దదే గాని, హోదాలో ప్రోగ్రామ్ మేనేజరుకి ఒక మెట్టు కింద, ఎండలో తిరగడంలో అందరికంటే పైన. మా రేడియో ఎవరు వింటున్నారు, ఏ వేళకి వింటున్నారు, వినేది ఆడవాళ్ళా మగవాళ్ళా అన్నది కనుక్కుని రాసివ్వడం నా పని.

ఆడా మగా అన్న గొడవ రేడియోకి ఎందుకని ఇప్పటికీ పెళ్ళిళ్ళలో కలిసిన బంధువులు అడుగుతుంటారు. పాటకి ఆ తేడా లేదు. పాటకీ పాటకీ మధ్య వచ్చే ప్రకటనకి ఉంది. బట్టల సబ్బు కంపెనీ ఇంట్లో బట్టలుతికే మనిషి చెవి కోసం వస్తుంది. సిమెంటు కంపెనీ ఇల్లు కట్టించే మనిషి చెవి కోసం వస్తుంది. మొదటిది ఆడమనిషనీ రెండోది మగమనిషనీ వాళ్ళూ మేమూ ముందే ఒప్పేసుకున్నాం. అందుకని రోజుని గంటలుగా కోసి, ఒక్కో గంటకి ఒక శ్రోతని ఊహించుకుని, ఆ గంటని అలాంటి శ్రోత కావలసిన కంపెనీకి అమ్ముతాం. పదకొండు గంటల శ్రోత బొమ్మ మా ఆఫీసు గోడ మీద ఉండేది. ముప్పై రెండేళ్ళ ఇల్లాలు. భర్త పనికి, పిల్లలు బడికి వెళ్ళిపోయారు. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది, పక్కన రేడియో. ఏళ్ళ తరబడి ఆ బొమ్మ కింద కూర్చుని నా డబ్బాలో అన్నం తిన్నాను. నాతో సహా, నేను ఎరిగిన ఆడవాళ్ళలో ఒక్కరు కూడా పదకొండింటికి అంత తీరిగ్గా ఉండరని ఒక్కనాడూ తట్టలేదు.

ఆ గంట కార్యక్రమం పేరు ‘పొయ్యిగట్టు’. చెప్పేది సత్యవతి. అనకాపల్లి పిల్లే, కాంట్రాక్టు అనౌన్సరు. పర్మనెంటు అనౌన్సర్లకి షిఫ్టులు ఉంటాయి, కాంట్రాక్టు వాళ్ళకి కార్యక్రమం ఉంటేనే పని. సత్యవతికి పదకొండేళ్ళుగా ఆ ఒక్క గంటే ఉద్యోగం. గొంతు పల్చగా, తొందర లేకుండా, నిద్రపట్టే ముందు పక్కమీంచి ఎవరో మాట్లాడుతున్నట్టు ఉండేది. ఆ గంటకి ఖర్చు పెట్టేది ఒక బట్టల సబ్బు కంపెనీ. ఒప్పందం పొడిగించే ముందు వినేది ఇల్లాళ్ళేనని మేము రుజువు చూపాలి. చూపలేకపోతే గంట పోతుంది, గంటతో పాటు సత్యవతి పోతుంది. అనకాపల్లి సర్వే దానికోసమే.

మా పద్ధతి డైరీ పద్ధతి. ఎంచుకున్న ఇంట్లో ఒకరికి వారం రోజుల డైరీ ఇస్తాం. అందులో రోజంతా పావుగంటలుగా గళ్ళు కొట్టి ఉంటుంది. విన్న పావుగంట దగ్గర టిక్కు పెట్టాలి, ఇంట్లో విన్నారా, పనిలోనా, ప్రయాణంలోనా రాయాలి. ఇంట్లో ఎవరికి ఇవ్వాలో మేము ఎంచుకోకూడదు. ఎవరి పుట్టినరోజు ముందుగా వస్తే వాళ్ళకే ఇవ్వాలన్నది నియమం. పుస్తకంలో చక్కగా ఉండే నియమమే. ఊళ్ళోకి వెళితే ఆధార్ కార్డుల ప్రకారం సగం ఊరు జనవరి ఒకటో తారీకునే పుట్టింది. చీట్లు వేసి పంచిపెట్టి వచ్చాను.

వారం తర్వాత డైరీలు తెచ్చుకుని అనకాపల్లి లాడ్జి గదిలో పరుచుకున్నాను. కొండకర్ల ఆవ అనే పెద్ద చెరువుకి ఇవతల ఉన్న ఒక ఊళ్ళో, ఒకే వీధిలో, పన్నెండు డైరీలు ఆడవాళ్ళ పేరున ఇచ్చాం. అందులో తొమ్మిదింటిలో పదకొండు నుంచి పన్నెండు దాకా ఏడు రోజులూ టిక్కులే. స్థలం, ఇల్లు. నాకు ప్రాణం లేచి వచ్చింది. సత్యవతికి ఫోన్ చేసి చెప్పేద్దామనుకున్నాను. చేయి ఫోన్ మీద ఉండగానే కన్ను మొదటి పేజీలో వృత్తి అన్న గడి మీద పడింది. తొమ్మిదింటిలోనూ ఒకటే మాట: కంపెనీ, ఏ షిఫ్ట్.

ఏ షిఫ్ట్ అంటే పొద్దున్న ఆరు నుంచి మధ్యాహ్నం రెండు. అచ్యుతాపురం, పరవాడ మందుల కంపెనీల బస్సులు తెల్లవారకముందే ఊళ్ళలోకి వచ్చి ఆడవాళ్ళని ఎక్కించుకుపోతాయి. ఆ మందుల కంపెనీల్లో ఫోను గేటు దాటనివ్వరు, ఇంక రేడియో సంగతి చెప్పక్కర్లేదు. అక్కడ తలకి టోపీ, మూతికి గుడ్డ కట్టుకుని మాత్రలు ప్యాక్ చేస్తున్న మనిషి అదే పదకొండింటికి ఇంట్లో పొయ్యి దగ్గర రేడియో ఎలా విన్నది?

ఇలాంటప్పుడు తిరిగి తనిఖీ చేయాలి. చెప్పకుండా, డైరీలో రాసిన వేళకే ఆ ఇంటికి వెళ్ళాలి. మర్నాడు సరిగ్గా పదకొండింటికి ఆ వీధి మొదట్లో ఆటో దిగాను.

ఆ పావుగంట నాకు ఇప్పటికీ కలలాగే గుర్తుంది. ఎండ తెల్లగా కాస్తోంది. వీధిలో మనిషి లేడు. ఆవ వైపు నుంచి తడి వాసనతో గాలి వచ్చి వచ్చి ఆగిపోతోంది. మొదటి ఇంట్లోంచి సత్యవతి గొంతు వినిపించింది. ఆ ఇల్లు దాటి రెండో ఇంటి ముందుకి వచ్చేసరికి వాక్యం తెగకుండా అక్కడినుంచి వినిపించింది. మూడో ఇల్లు, నాలుగో ఇల్లు. నేను నడుస్తున్నాను, ఆ గొంతు నా పక్కనే గుమ్మం గుమ్మం దాటుకుంటూ నడుస్తోంది. ‘ఇప్పుడు ఉల్లిపాయలు వేశారు కదమ్మా, పక్కకి వెళ్ళిపోకండి, మాడిపోతాయి. ఉప్పు మూడు వేళ్ళకి వచ్చినంతే, మళ్ళీ కావాలంటే వేసుకోవచ్చు.’ వీధి పొడుగునా పోపు వాసన. వీధి చివరికి వచ్చేసరికి దోసకాయ పప్పు మొత్తం విన్నాను, రేడియోలో తప్ప ఒక్క ఆడగొంతు కూడా ఇళ్ళలోంచి వినపడలేదు. ఎనిమిదో తరగతి నుంచి వంట చేస్తున్నదాన్ని, ఉల్లిపాయల దగ్గరే నిలబడమని నాకు ఎవరూ చెప్పలేదే అని కూడా అనిపించింది.

చివరి ఇంట్లో డైరీ నూకరత్నం పేరున ఉంది. తలుపు తీసే ఉంది. లోపల ఆమె భర్త అప్పలనాయుడు. నలభై అయిదేళ్ళ చెరకు రైతు. తెల్లవారుజామున వెళ్ళి తోటకి నీళ్ళు కట్టి, పదింటికి ఇల్లు చేరినవాడు, లుంగీ ఎగ్గట్టి పొయ్యి ముందు నిలబడ్డాడు. చేతిలో గరిటె. గట్టు మీద ఫోన్లో మా రేడియో. నన్ను చూసి ముందు ఫోను ఆపాడు, తర్వాత గరిటె వెనక్కి పెట్టుకున్నాడు.

నేను డైరీ తీసి, ఈ టిక్కులు ఎవరు పెట్టారని అడిగాను. నానే అన్నాడు. విన్నది మీరైతే ఆవిడ డైరీలో ఎందుకు పెట్టారని అడిగితే గిన్నె మీద మూత సర్దుతూ చెప్పాడు.

“డయిరీ దాని పేరునిచ్చేరు గదండి. అది ఆడోళ్ళ పోగ్రాం. ఆడోళ్ళ పేరునే గదా రాయాల. నాను రాసుకుంటే ఏటి బాగుంతాది?”

తర్వాత మెల్లగా చెప్పుకొచ్చాడు. నూకరత్నం కంపెనీలో చేరి మూడేళ్ళయింది. ఆమె మూడింటికి ఇల్లు చేరేసరికి కాళ్ళు చాపేసి పడిపోతుంది, అన్నం వండి ఉంటే తింటుంది, లేకపోతే తినకుండా నిద్రపోతుంది. మొదట్లో ఇతను హోటల్ నుంచి తెచ్చేవాడు. ఒకనాడు రేడియోలో ఈయమ్మ చారు చెబుతుంటే విని చేశాడు. నూకరత్నం తిని, ఎవరు వండారని కూడా అడగలేదట, ఇంకో ముద్ద కలుపుకుందట. అప్పటినుంచి అలాగే నడుస్తోంది. పక్కింటివాడూ అంతే, ఎదురింటివాడూ అంతే. కాని ఆ సంగతి ఒకరితో ఒకరు చెప్పుకోరు. పదకొండింటికి ఎవరి తలుపు వాళ్ళు దగ్గరకి వేసుకుంటారు. అతను ఆవేళ తలుపు వేయడం మరిచిపోయాడు, అంతే.

మిగిలిన ఎనిమిది ఇళ్ళూ తనిఖీ చేశాను. ఎనిమిదింటిలోనూ అదే కథ. లాడ్జికి వచ్చి ఆ డైరీలు మళ్ళీ మంచం మీద పరుచుకున్నాను. దొంగ డైరీలని తెలిశాక కొట్టేసి అసలు శ్రోతని రాయడం నా ఉద్యోగ ధర్మం. రాస్తే ఆ గంట మగవాళ్ళ పద్దులోకి పోతుంది, సబ్బు కంపెనీ వెళ్ళిపోతుంది. రాయకపోతే ఎవరికీ తెలియదు. టిక్కులున్నాయి, పేర్లున్నాయి. ముప్పై ఏళ్ళ సర్వే పనిలో ఒక్క అబద్ధపు గడి నింపనిదాన్ని, ఆవేళ నింపాలని బలంగా అనిపించింది. అది దాచుకోను.

రిపోర్టు ఇచ్చే ముందు సత్యవతికి చెప్పాలనుకున్నాను. అలా చెప్పడం నియమాలకి విరుద్ధం. అయినా స్టూడియో మెట్ల మీద కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. ఆశ్చర్యపోతుందనుకున్నాను. చిన్నగా నవ్వింది.

“నాకు తెలుసక్కా. పప్పు ఉడికినట్టు ఎలా తెలుస్తాదని ఆడదెవర్తైనా రేడియోకి మెసేజీ పెడతాదా? కింద పేర్లు మాత్రం నూకరత్నం, సన్యాసమ్మ. మూడేళ్ళ నుంచి చూత్తన్నాను.”

మరి ఇన్నాళ్ళూ ఎందుకు బయటపెట్టలేదని అడిగాను.

“చెప్తే ఆళ్ళు మరి అడగరు గదక్కా. అందుకే అమ్మా అమ్మా అనే మాటాడేను.”

ఉల్లిపాయల దగ్గర నిలబడమన్నదీ, మూడు వేళ్ళ ఉప్పు అన్నదీ ఎవరికోసమో అప్పుడు అర్థమైంది. మా పరిశోధన విభాగం మొత్తానికి తెలియని శ్రోతని ఆ పిల్ల ఒక్కర్తే గదిలో కూర్చుని పట్టుకుంది. ఏం చేయమంటావని అడిగాను. చూసింది చూసినట్టు రాసేయమంది. ఆళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా రానివ్వొద్దని ఒక్కటే అడిగింది. లేచి వెళ్ళిపోతూ, కళ్ళు తుడుచుకోవడం నేను చూడకూడదని కాబోలు, చీర కొంగు సర్దుకుంటున్నట్టు అటు తిరిగింది.

నిజమే రాశాను. పేర్లు రాయలేదు. చివర ఒక పేజీ సిఫార్సు కూడా పెట్టాను: ఆ గంట తీయవద్దు, వండుకుంటున్న మగవాళ్ళకి అమ్మండి, కుక్కర్లు, గ్యాస్ పొయ్యిలు, మసాలా పొడులు ఏవైనా అమ్మవచ్చు. సమావేశంలో ప్రకటనలు చూసే మేనేజరు ఆ పేజీ మర్యాదగానే చదివాడు. కుర్రాడు, మంచివాడు. రేట్ కార్డు నా ముందు పెట్టాడు. ఏ సరుకు ఏ శ్రోతకి అన్న పట్టిక అది.

“కుక్కర్లు కూడా ఆడవాళ్ళ గడిలోనే ఉన్నాయి మేడమ్. వంట చేసే మగవాడికి గడి లేదు. లేని గడిని నేనెవరికి అమ్మను?”

జూన్ నెలాఖరుకి ‘పొయ్యిగట్టు’ తీసేశారు. చివరి రోజు సత్యవతి వీడ్కోలు ఏమీ చెప్పలేదు. ములక్కాడ సాంబారు చెప్పి, రేపటినుంచి ఈ వేళకి పాటలు వస్తాయమ్మా, పొయ్యి తగ్గించుకుని వినండి అని ముగించింది. ఇప్పుడు ఒక స్కూల్లో ఆఫీసు పని చూస్తోంది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

ఆ పదకొండింటి గంటని కుర్రకారు పాటలకి ఇచ్చారు. కొత్త శ్రోతలు వచ్చారో లేదో చూసిరమ్మని ఆగస్టులో నన్నే మళ్ళీ అదే వీధికి పంపారు. ఈసారి డైరీలు కావు, అడిగి నింపే ఫారం; దాన్ని నేనే మార్చాను. రేడియో ఎవరు వింటారని మొదట అడగడం మానేశాను. ఈ గంటలో ఇంట్లో ఎవరున్నారు, వంట ఎవరు చేస్తున్నారు అన్నవి మొదటి రెండు ప్రశ్నలు చేశాను.

పదకొండు దాటాక వెళ్ళాను. వీధంతా తలుపులు దగ్గరకి వేసి ఉన్నాయి. రేడియోలు లేవు. అప్పలనాయుడి తలుపు తట్టాను. గరిటె చేత్తోనే తీశాడు. లోపలికి రమ్మని, కుర్చీ వేసి, నేను ఫారం తీసేలోగానే అడిగాడు.

“ఆయమ్మ రావట్లేదేటండి? మా ఆవిడ అడగమందండి.”

కార్యక్రమం తీసేశారని చెప్పాను. అతను పొయ్యి తగ్గించి, మూడు వేళ్ళతో ఉప్పు తీసి వేశాడు, వేళ్ళు ఒకసారి చూసుకుని మిగతాది డబ్బాలో దులిపేశాడు. నేను ఫారం తీసి ప్రశ్నలు మొదలుపెట్టాను. ఈ గంటలో ఇంట్లో ఎవరున్నారంటే నానున్నానన్నాడు. వంట ఎవరు చేస్తున్నారంటే, ఆవిరి వెనకనుంచి నా వైపు చూసి, నూకరత్నం అని రాసుకోమన్నాడు.

నేను మగ అన్న గడిలో టిక్కు పెట్టి, కాయితం మడిచి సంచీలో పెట్టుకున్నాను. ఆ తర్వాత ఉద్యోగం ఉన్నంతకాలం, మనుషులు చెప్పింది కాకుండా ఆ వేళకి వెళ్ళి కంటితో చూసిందే రాశాను. రాసే ముందు, ఆ టిక్కుతో ఎవరి పని పోతుందో వాళ్ళకి నా నోటితో నేనే చెప్పాను.